ఒక్కరే మాట్లాడితే నాటకమవుతుందా? పది నిమిషాల్లో నాటకం పడుతుందా?

వెనకవరస:

మన నాటక చర్చావేదిక సభ్యులకు ఒక ఫిర్యాదు. నెల రోజులుగా చిన్న నాటికలు, ఏకపాత్రలు వరసగా చదువుతున్నాను. ముప్పయి దాకా అయ్యాయి. అన్నీ ఈ కాలపు రచయితలవే. కొన్నిటి ప్రదర్శనల వీడియోలు కూడా చూశాను. చదివేకొద్దీ అసంతృప్తి పెరిగింది తప్ప తగ్గలేదు. మొహమాటం లేకుండా చెప్పేస్తాను, తప్పయితే దులిపేయండి.

నాటకానికి ఇద్దరు కావాలి. ఒకరికి ఏదో కావాలి, రెండోవారు అడ్డం పడాలి. ఆ పెనుగులాటే నాటకం. ఒక్కరే దీపం కింద నిలబడి గంటసేపు గోడు వెళ్లబోసుకుంటే అది ఉత్తమ పురుషలో చెప్పిన కథ. ఎంత బాగున్నా కథే. దానికి రంగస్థలం ఎందుకు?

పది నిమిషాల నాటికలది ఇంకో రోగం. పాత్రల పేర్లు పట్టుబడేలోపు అయిపోతాయి. చివర ఒక మెలిక ఉంటుంది. ఇంతసేపూ మాట్లాడినవాడు ఎప్పుడో చనిపోయాడనో, ఆ ఇద్దరూ నిజానికి ఒకరేననో తేలుతుంది. చప్పట్లు. మర్నాడు మెలిక గుర్తుంటుంది, మనిషి గుర్తుండడు.

నా ప్రతిపాదన ఇదీ. ఏకపాత్ర నటుడికి సాధన, చిన్న నాటిక రచయితకు సాధన. రెండూ అవసరమే, కాదనను. కానీ కచేరీకి వచ్చినవాడికి సరళీ స్వరాలు వినిపించి తల ఊపమనడం న్యాయం కాదు.

ప్రాంప్టరు:

వెనకవరస గారూ, మీరు ఈ కాలపు జబ్బు అనుకుంటున్నది నాట్యశాస్త్రం నాటికే ఉంది. దశరూపకాల్లో, అంటే అందులో చెప్పిన పది రకాల నాటకాల్లో, భాణం అని ఒకటి. ఒకే అంకం, ఒకే నటుడు, సాధారణంగా విటుడు, అంటే వేశ్యవాడల్లో తిరిగే మాటకారి. వీధిలో నడుస్తూ మనకు కనబడని మనుషులను పలకరిస్తాడు. వాళ్లేదో అన్నట్టు ఆగి, చెవి ఒగ్గి, ‘ఏమంటున్నావు? ఆమె ఇంట్లో లేదంటావా?’ అని వాళ్ల మాట తానే వినిపించి దానికి బదులిస్తాడు. ఈ పద్ధతికి ఆకాశభాషితం అని పేరు కూడా పెట్టారు.

అంటే మన లాక్షణికులు ఒకే నటుడితో నడిచేదాన్ని కథ అని పక్కన పెట్టలేదు, రూపకాల్లోనే లెక్కించారు. రెండో మనిషి ఉన్నాడు. వేదిక మీద అతనికి శరీరం లేదు, అంతే. ఆ శరీరాన్ని నటుడి చూపు, ఆగిన క్షణం, ప్రేక్షకుడి ఊహ కలిసి తయారు చేస్తాయి.

పుటలపురుగు:

అయితే బస్సులో పక్కసీటాయన ఫోనులో అరుస్తుంటే మనం చూసేది భాణమే అన్నమాట. నిజం చెప్పాలంటే రెండువైపులా వినబడే గొడవ కన్నా ఒకవైపే వినబడే గొడవ దగ్గరే చెవులు ఎక్కువ నిక్కబొడుచుకుంటాయి. 1930లో ఫ్రెంచి రచయిత జాన్ కోక్టో ఈ ఒక్క సంగతి మీదే నాటకం కట్టాడు. వదిలిపోతున్న ప్రియుడితో ఒకావిడ ఫోనులో మాట్లాడుతుంది. అతని మాట ఒక్కటీ మనకు వినబడదు. అతను అబద్ధమాడుతున్నాడని మాత్రం ఆమె జవాబుల్లోంచి తెలిసిపోతుంది.

వెనకవరస:

పాతది గనుక మంచిదని ఒప్పుకోలేను. పైగా మీ ఇద్దరి ఉదాహరణలూ నా మాటనే బలపరుస్తున్నాయి. విటుడికి ఎదురుగా మనుషులున్నారు, ఫోనుకు అవతల మనిషి ఉన్నాడు. అవి లెక్కకు ఇద్దరి నాటకాలే. నా ఫిర్యాదు వేరే రకం మీద. పాత్ర నేరుగా ప్రేక్షకుల వైపు తిరిగి ‘నా కథ చెబుతాను వినండి’ అంటుంది చూడండి, దాని మీద. అక్కడ అడ్డుపడేవాళ్లు ఎవరు?

మూడోగంట:

నేను రాసేదాన్ని కాదు, వేసేదాన్ని. కాబట్టి శాస్త్రం కాక అనుభవం చెబుతాను.

మొదటిసారి ఏకపాత్ర వేసినప్పుడు నలభై నిమిషాల పాఠం మూడు వారాల్లో నోటికొచ్చేసింది. నా కొంప ముంచింది అదే. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్లు ఒత్తుకోవాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని రిహార్సల్‌కు వెళ్లాను. అయిదో నిమిషంలో దర్శకురాలు ఆపేసింది. “ఇదంతా ఎవరితో చెబుతున్నావు?” అని అడిగింది. ప్రేక్షకులతో అన్నాను. “వాళ్లెవరు? నిన్ను నమ్మేవాళ్లా, నమ్మనివాళ్లా? ఈ సంగతి వాళ్లు నీకన్నా ముందే ఇంకొకరి నోట విన్నారా? లేచి వెళ్లిపోయేలా ఉన్నారా?” ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు పాఠంలో రెండో పేజీ దాటలేదు.

ఆ పాత్ర తల్లి చావు గురించి చెబుతుంది. వారం రోజులు కొట్టుకున్నాక ఎదురుగా ఒక అక్కను కూర్చోబెట్టుకున్నాను, మనసులోనే. తల్లి చివరి రోజుల్లో రాని అక్క. పాఠంలో ఒక్క అక్షరం మారలేదు. కానీ ఏడ్చే చోటల్లా కోపం వచ్చింది. ‘నువ్వేమీ అనుకోకు’ అన్న వాక్యం అంతకు ముందు ఊతపదంలా దొర్లిపోయేది. ఇప్పుడు అది దెప్పిపొడుపు అయింది. వెనకవరస గారడిగిన ‘అడ్డుపడే మనిషి’ అక్కడున్నాడు. మంచి ఏకపాత్రలో రచయిత ఆ మనిషిని వాక్యాల మధ్య దాచి పెడతాడు. చెడ్డదానిలో ఎవరూ ఉండరు. అది అచ్చంగా మీరన్న గోడే.

నేరుగా ప్రేక్షకులతో చెప్పేవాటి సంగతికి వస్తాను. ఇంగ్లండ్ రచయిత ఆలన్ బెనెట్ రాసిన ‘టాకింగ్ హెడ్స్’ 1988లో బీబీసీ టీవీలో వచ్చింది. పాత్ర కెమెరాకేసి చూసి మాట్లాడడమే, పెద్ద హంగులేమీ ఉండవు. వాటిలో ఒకటి ‘ఎ లేడీ ఆఫ్ లెటర్స్’. ఒంటరి స్త్రీ. లోకంలో కనిపించిన ప్రతి లోపం మీదా ఉత్తరాలు రాస్తుంది. ఎదురింటి దంపతులు బిడ్డను సరిగ్గా చూడడం లేదని పట్టుకుంటుంది. ఎంత మర్యాదగా, ఎంత బాధ్యత గల పౌరురాలిలా చెబుతుందంటే మొదట ఆమె పక్షానే ఉంటాం. తరవాత ఆ బిడ్డ జబ్బుతో ఆస్పత్రిలో ఉందని తెలుస్తుంది. మనకు లోపల ఏదో తెగుతుంది. ఆమె గొంతు మాత్రం మారదు. చివరికి జైలుకు వెళుతుంది. అక్కడ మొదటిసారిగా ఆమెకు తోడు దొరుకుతుంది, సంతోషపడుతుంది. దాన్ని శిక్ష అనాలో విడుదల అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆమె ఒకటి చెబుతోంది, మనం ఇంకొకటి వింటున్నాం. ఆమె మనల్ని ఒప్పించాలని చూస్తోంది, మనం క్రమంగా ఒప్పుకోవడం మానేస్తున్నాం. మీరు వెతికే పెనుగులాట ఇక్కడ వేదికకూ కుర్చీకీ మధ్య జరుగుతోంది. కథలోనూ ఇలాంటి కథకులు ఉంటారు, నిజమే. కానీ పుస్తకంలో ఆ మనిషి ముఖం మన ఊహ. ఇక్కడ కళ్లలోకి చూస్తూ అబద్ధం చెబుతుంది. తలతిప్పుకోలేం.

వెనకవరస:

ఇది ఆలోచించవలసిన మాట. ‘నువ్వేమీ అనుకోకు’ సంగతి నాకు బాగా తగిలింది. అయినా బెనెట్ రాసింది టీవీకి. ముఖం దగ్గరగా చూపించే కెమెరా సగం పని చేసిపెడుతుంది. హాలు చివరి వరసలో కూర్చున్నవాడికి (నా పేరు చూశారుగా) ఆ కళ్లు కనబడవు.

ఇంకొకటి. ఏకపాత్ర అనగానే మన తెలుగువాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది మయసభలో దుర్యోధనుడు. అది మెచ్చుకునేవాళ్లంతా ఏకపాత్రను మెచ్చుకుంటున్నారా, ఆ నటుడి గొంతునా?

పుటలపురుగు:

ఇక్కడ ఒక ముడి విప్పకపోతే చర్చ ముందుకు పోదు. మనం మూడు వేరువేరు వస్తువులను ఒకే పేరుతో పిలుస్తున్నాం.

మయసభ ఘట్టం పెద్ద కథలోంచి తీసిన ముక్క. దాని ముందు రాజసూయం ఉంది, తరవాత పరాభవం ఉంది. అవి ప్రేక్షకుడికి ముందే తెలుసు గనుకనే ఆ ముక్క నిలబడుతుంది. రెండోది స్వగతం. పాత్ర తనలో తాను అనుకునేది, మనం చాటుగా విన్నట్టు. మూడోది ఏకపాత్ర నాటకం. మొదలూ తుదీ దానిలోనే ఉన్నది. మీ ముప్పయింటిలో ఎన్ని ముక్కలు, ఎన్ని మూడో రకానివి? నటన పరీక్షలకు పనికొచ్చేలా నాటకాల్లోంచి రెండేసి పేజీలు కోసి వేసిన సంకలనాలు బోలెడు. వాటిని చదివి ఏకపాత్ర అసంపూర్ణం అంటే, నవలలో పదో అధ్యాయం చదివి నవలకు మొదలు లేదన్నట్టు ఉంటుంది.

వెనకవరస:

లెక్క చూశాను. ఏకపాత్రలు పదమూడింటిలో ఆరు ముక్కలే. దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. మిగతా ఏడింటి మీద నా ఫిర్యాదు అలాగే ఉంది.

ప్రాంప్టరు:

హాలు చివరి వరస మాటకు జవాబు. సూజీ మిల్లర్ రాసిన ‘ప్రైమా ఫేసీ’ చూడండి. 2019లో సిడ్నీలో మొదలైంది, 2022లో నటి జోడీ కోమర్ లండన్‌లో వేసింది. చిన్నదేమీ కాదు, గంటన్నరకు పైనే. కానీ వేదిక మీద ఒక్కతే. టెస్సా అనే న్యాయవాది. లైంగిక దాడి కేసుల్లో నిందితుల తరఫున వాదించి గెలవడంలో దిట్ట. సాక్షి మాటల్లో పొంతన లేని చోటు పట్టుకోవడం ఎలాగో మనకు ఉత్సాహంగా చెబుతుంది. మనమూ ఆ చాతుర్యానికి నవ్వుతాం. తరవాత తోటి న్యాయవాదే ఆమె మీద దాడి చేస్తాడు. అదే కోర్టులో బోను ఎక్కుతుంది.

రచయిత్రి స్వయంగా ఒకప్పుడు న్యాయవాద వృత్తిలో ఉన్న మనిషి. ఆ భాష ఆమెకు లోపలి నుంచి తెలుసు. ఇది ఇద్దరు నటులతో వేస్తే ఒకరు అడిగేవారు, ఒకరు జవాబు చెప్పేవారు అయ్యేవారు. మామూలు కోర్టు నాటకం. ఒక్కతే కావడం వల్ల, మొదటి సగంలో ప్రశ్నలు వేసిన నోరే రెండో సగంలో జవాబు వెతుక్కుంటుంది. అడ్డుపడేది ఎవరు అని అడిగారు కదా. ఆమెకు ఆమే అడ్డు. ఇది చివరి వరసకు కూడా కనిపిస్తుంది, ఎందుకంటే ఇది కళ్లలో లేదు, కట్టడంలో ఉంది.

మన పక్క నుంచి ఇంకొకటి. గిరీష్ కర్నాడ్ ‘ఒడకలు బింబ’. కన్నడ రచయిత్రి మంజుల ఇంగ్లిషులో నవల రాసి లోకప్రసిద్ధి పొందుతుంది. టీవీ స్టూడియోలో ప్రసంగం ముగించి లేచేసరికి తెర మీద ఆమె బొమ్మ ఆరిపోదు. ఆమెనే ప్రశ్నించడం మొదలుపెడుతుంది. నటి ఒకతే, పాత్రలు రెండు. ఆ నవల అసలు ఎవరు రాశారన్న ప్రశ్న వచ్చేసరికి ఆమెకు తప్పించుకునే దారి ఉండదు. ఇది ఏకపాత్ర అనాలా, ఇద్దరి నాటకం అనాలా? నాకైతే లెక్కతో పని లేదు.

వెనకవరస:

లెక్కతో పని లేదనడం మీకు సులువు, చర్చ మొదలుపెట్టినవాడిని నేను. సరే. ఏకపాత్ర నాటకం కాలేదని ఇక అనను. కాగలదు. కానీ కష్టం మీద అవుతుంది, చాలాసార్లు కాదు. ఈ సవరణతో రెండో సగానికి వెళదాం. పది నిమిషాల నాటికలను ఎవరు కాపాడతారో చూస్తాను.

సైడువింగు:

నేను కాపాడను. పదేళ్లుగా అవే వేయిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, చాలావరకు చెడ్డవి. మీరన్న మెలిక రోగం నిజం. కానీ కారణం రూపం పొట్టిది కావడం కాదు. వాటిని వడ్డించే పద్ధతి.

ఒక సాయంత్రం ఏడెనిమిది నాటికలు ఒకదాని వెంట ఒకటి వేస్తారు. ఒకే సామాను, రెండు కుర్చీలు, ఒక బల్ల. మార్చడానికి అర నిమిషం. ఈ పద్ధతికి అమెరికాలో పేరు తెచ్చింది లూయీవిల్‌లోని యాక్టర్స్ థియేటర్. వాళ్ల హ్యుమానా ఉత్సవంలో పది నిమిషాల నాటికలు ఒక ప్రత్యేక విభాగమే అయ్యాయి. కొత్త రచయితను తక్కువ ఖర్చుతో పరీక్షించవచ్చు, ఎక్కువమంది నటులకు పని దొరుకుతుంది. అంతవరకు మంచిదే. కానీ ఎనిమిదింటిలో అయిదోది తనదైతే రచయితకు భయం పట్టుకుంటుంది. నన్ను మరిచిపోతారేమోనని. ఆ భయంలోంచి మెలిక పుడుతుంది. పేజీకి ఒక నిమిషం అని లెక్క కట్టి, పదో పేజీలో పేలేలా మందు కూరుతారు.

మీరు నెలలో ముప్పయి చదివానన్నారు. అంటే అదే సాయంత్రాన్ని ఇంట్లో నాలుగుసార్లు పెట్టుకున్నారు. రోజుకొకటి చదివి, మర్నాడు అదే మళ్లీ చదవండి. రెండోసారి మెలిక ఎలాగూ తెలిసిపోయి ఉంటుంది. అప్పుడు ఏమైనా మిగిలిందా అన్నదే నా పరీక్ష. మిగలకపోతే మొహమాటం లేకుండా పారేయండి. నేనూ అదే చేస్తాను.

మిగిలేదానికి ఒక ఉదాహరణ. డేవిడ్ ఐవ్స్ 1988 నాటి ‘ష్యూర్ థింగ్’. కాఫీ హోటల్లో ఒకమ్మాయి పుస్తకం చదువుకుంటోంది. ఒకబ్బాయి వచ్చి ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఉన్నారంటుంది. గంట మోగుతుంది. మళ్లీ అదే ప్రశ్న మొదటి నుంచి. ఈసారి ఇంకో జవాబు. తప్పుడు మాట పడినప్పుడల్లా గంట, మళ్లీ వెనక్కి. అలా తడబడుతూ, దిద్దుకుంటూ పరిచయం దాకా, ప్రేమ దాకా వెళతారు. చివర మెలిక లేదు. ఎటు పోతుందో రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది. అయినా పదిసార్లు చూశాను.

దీన్ని రెండు గంటలకు సాగదీస్తే చచ్చిపోతుంది. అందుకే ఇది పెద్ద నాటకానికి సాధన కాదు. గంట మోగడం అన్న ఊహకు కావలసినంత ఒళ్లే దానికి ఉంది. ఆటవెలదిని పట్టుకుని సీసపద్యం రాయలేక ఆగిపోయావా అని అడుగుతామా?

పుటలపురుగు:

ఆటవెలది మాట బాగుంది, దొంగిలిస్తున్నాను.

పొట్టితనానికి హద్దు ఎక్కడ అన్న సందేహం మాత్రం ఉంది. ఐర్లండ్ రచయిత శామ్యూల్ బెకెట్ 1969లో ‘బ్రెత్’ అని ఒకటి వదిలాడు. వేదిక మీద చెత్త, ఒకేలాంటి రెండు కేకలు, మధ్యలో ఒక శ్వాస, వెలుతురు పెరిగి తగ్గడం. అర నిమిషం. నటుడు కనబడడు, మాట లేదు. దాన్ని నాటకమని ఒప్పుకుంటే నేను తుమ్మినప్పుడల్లా నాటకమే.

సైడువింగు:

మీ తుమ్ముకు వెలుతురు మారదు కదా.

మూడోగంట:

బెకెట్ మాట వచ్చింది గనుక ఒకటి చెప్పి ఊరుకుంటాను. ఆయన సమకాలికుడు కాడు, 1989లో పోయాడు. కానీ ఇవాళ్టి ఏకపాత్రలు రాసేవాళ్లు చాలామంది ఆ నీడ దాటి రావలసినవాళ్లే. ‘నాట్ ఐ’ 1972లో. చీకట్లో ఒక నోరు మాత్రమే వెలుగులో ఉంటుంది. గుక్క తిప్పుకోకుండా ఒకావిడ జీవితం చెబుతుంది, అంతా ‘ఆమె’ అంటూ. ఎవరో అది నువ్వే కదా అని లోపల నిలదీసినట్టు మధ్య మధ్య ఆగుతుంది, కాదు కాదు ఆమే అని మొండికేస్తుంది. ‘నేను’ అనడానికి ఒప్పుకోని ఏకపాత్ర. మొదటిసారి విన్నప్పుడు మాటలు సగం అందలేదు. ఆ ‘కాదు’ మాత్రం అందింది. ఆ నోరు జయిస్తుందా, ఆ ప్రశ్న జయిస్తుందా అని నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఇందులో నాటకం లేదంటే నాకు నాటకమంటే ఏమిటో తెలియదనుకుంటాను.

వెనకవరస:

సైడువింగు గారు ‘నేను కాపాడను’ అంటూ బాగానే కాపాడారు. కానీ ఒక చోట ఆగుతాను. ‘ష్యూర్ థింగ్’ ఒక ఆట. తెలివైన ఆట. నవ్వించి పంపుతుంది. బరువైన విషయాన్ని పది నిమిషాల్లో పెడితే ఏమవుతుంది? నినాదం అవుతుంది. పాత్రకు చరిత్ర ఉండదు, ఎదుటి పక్షానికి గొంతు ఉండదు.

పైగా రాసే తీరు చూడండి. 24 అవర్ ప్లేస్ అని ఒక వ్యవహారం 1995 నుంచీ న్యూయార్కులో నడుస్తోంది. రాత్రి రాస్తారు, మర్నాడు రాత్రికి వేసేస్తారు. 2020 మార్చిలో థియేటర్లు మూతపడగానే అదే పద్ధతిలో ఏకపాత్రలు రాయించి, నటులతో ఇళ్ల నుంచే చిత్రీకరింపజేసి వదిలారు. అమెరికన్ నాటక రచయిత్రి సూజన్-లోరీ పార్క్స్ అయితే 2002 నవంబరు నుంచి ఏడాది పాటు రోజుకొక నాటిక రాసింది. ఆ 365ను 2006-07లో అనేక బృందాలు పంచుకుని వేశాయి. రోజుకొకటి! సాధన కాకపోతే ఇంకేమిటిది?

ప్రాంప్టరు:

అష్టావధాని క్షణంలో చెప్పిన పద్యాన్ని క్షణంలో చెప్పాడు గనుక పద్యం కాదంటామా? వాటిలో నిలిచేవి తక్కువ, నిజమే. అది వేరే మాట. పార్క్స్ రోజుకొకటి రాయడం మీరన్నట్టు సాధనే కావచ్చు. త్యాగరాజు రోజూ పాడుకున్నదీ సాధనే కదా. ఆ పదానికి మీరు ఇచ్చే చిన్నచూపే నాకు అర్థం కావడం లేదు.

బరువైన విషయం మాట మాత్రం అసలైన ప్రశ్న. బ్రిటిష్ నాటక రచయిత్రి కారిల్ చర్చిల్‌తో చూద్దాం. గాజా మీద యుద్ధం జరిగినప్పుడు 2009 ఆరంభంలో ఆమె ‘సెవెన్ జ్యూయిష్ చిల్డ్రన్’ రాసింది. పది నిమిషాలు. యూదుల చరిత్రలోంచి ఏడు కాలాలు. ప్రతి కాలంలోనూ పెద్దవాళ్లు కనబడని ఒక పిల్లకు ఏమి చెప్పాలో తేల్చుకోలేక మల్లగుల్లాలు పడుతుంటారు. దాదాపు ప్రతి వాక్యమూ ‘దానికి చెప్పు’ అనో ‘దానికి చెప్పొద్దు’ అనో మొదలవుతుంది. ఏ వాక్యం ఎవరిదో రాయలేదు. ఎంతమంది నటులు కావాలో కూడా చెప్పలేదు.

అది యూదు ద్వేషమని కొందరు, కాదు భయం తరతరాలుగా మనుషులను ఏమి చేస్తుందో చూపిన రచన అని కొందరు, పత్రికల్లో గట్టిగా కొట్టుకున్నారు. మీరన్న ప్రమాదం అక్కడే ఉంది. పది నిమిషాల్లో వివరణకు చోటు లేదు. ప్రతి పక్షమూ ఖాళీల్లో తన అర్థం నింపుకుంటుంది. అది రచన బలమా, బాధ్యత తప్పించుకోవడమా? నాకు రెండూ కనిపిస్తాయి. కానీ నినాదం మాత్రం కాదు. నినాదంలో ‘చెప్పొద్దు’ ఉండదు.

వెనకవరస:

ఎదుటి పక్షానికి గొంతు లేదన్నాను, దానికి మీరు జవాబు చెప్పలేదు. అందులో పాలస్తీనా పిల్ల ఎక్కడుంది? వాళ్ల గురించి మాట్లాడుకోవడమే కదా.

ప్రాంప్టరు:

లేదు. వేదిక మీద లేదు. ఆ రెండో పిల్ల గురించి మొదటి పిల్లకు ఏమి చెప్పాలన్నదే చివరి భాగమంతా. లేకపోవడమే అక్కడ విషయం అని నా చదువు. సరిపోదంటే వాదించను, సరిపోదని నేనూ కొన్ని రోజులు అనుకున్నాను.

సైడువింగు:

చర్చిల్‌దే ఇంకొకటి వేయించే ప్రయత్నం చేశాం. ‘లవ్ అండ్ ఇన్ఫర్మేషన్’, 2012. యాభైకి పైగా తునకలు, వందకు పైగా పాత్రలు. కొన్ని తునకలు అర పేజీ కూడా లేవు. ఇక్కడా మాట ఎవరిదో రాయదు. మా బృందం ఒక తునకను ఎనిమిది రకాలుగా చదివి చూసింది. తల్లీకూతుళ్లుగా, ఇద్దరు ముసలి స్నేహితులుగా, డాక్టరూ రోగిగా. మూడు రకాలు నిలిచాయి, అయిదు కూలిపోయాయి. ఆ రోజు నాకు తెలిసిందేమిటంటే, రాయకుండా వదిలినంత మాత్రాన ఏదైనా చెల్లదు. వాక్యం తనకు పడని సంబంధాన్ని విదిలించి కొడుతుంది.

అందుకని చిన్న నాటిక చదివేటప్పుడు కథలా కళ్లతో పరుగెత్తించకండి. బయటికి చదవండి. ‘మౌనం’ అని రాసిన చోట నిజంగా ఆగండి. అదీ ఒక సంభాషణే. చేతిలో ఏముందో, తలుపు ఏ పక్కనుందో అనే రంగ సూచనలను దాటేయకండి. పది పేజీల్లో రచయితకు అనవసరంగా వాడే చోటు లేదు. కుర్చీ ఖాళీగా ఉందని రాశాడంటే ఆ కుర్చీకి పని ఉంది. ఇవన్నీ చేసినా చెడ్డ నాటిక చెడ్డగానే ఉంటుంది. కాకపోతే ఎందుకు చెడ్డదో తెలుస్తుంది.

పుటలపురుగు:

బయటికి చదవమంటున్నారు గానీ, నటుడు సైతం ముందుగా చదవకూడని నాటకం ఒకటుంది. ఇరాన్ రచయిత నసీమ్ సొలేమాన్‌పూర్ ‘వైట్ రాబిట్, రెడ్ రాబిట్’, 2011 నుంచి ఆడుతోంది. ప్రతి రాత్రీ కొత్త నటుడు. వేదిక మీదే కవరు చింపి పాఠం మొదటిసారి చూస్తాడు. సైనిక సేవ చేయనందుకు రచయితకు అప్పట్లో పాస్‌పోర్టు లేదు. తాను రాలేని చోటికి తన మాటను ఇంకొకరి నోట పంపాడు. వెనకవరస గారూ, ఇందులో మాట్లాడేది ఎవరు? నటుడా, రచయితా? అడ్డుపడేది ఎవరు? దీన్ని పుస్తకంగా చదివి చెడగొట్టుకున్న పాపిని నేను. అది చదవాలని ఎవరూ అనుకోకండి, చూసే అవకాశం వచ్చేదాకా ఆగండి.

మూడోగంట:

ఒక జాగ్రత్త కూడా. చదివి నచ్చింది కదా అని ఎక్కడైనా వేసేయకండి. ఈ కాలపు రచయితలవి చాలావరకు హక్కులు ఉన్నవే. పది నిమిషాలదైనా ప్రదర్శనకు అనుమతి అడగాలి. ఇంట్లో నలుగురు చేరి చదువుకోవడానికి ఎవరూ కాదనరు.

వెనకవరస:

అలాగే ఇంట్లోనే చదివి వచ్చాను. నిన్న రాత్రి మా చెల్లెలిని కూర్చోబెట్టి ‘ష్యూర్ థింగ్’ చదివాం. ఆమెకు నాటకాల గొడవ లేదు, నా పోరు పడలేక ఒప్పుకుంది. గంటకు బదులు చెంచాతో గ్లాసు మీద కొట్టడం ఆమె పని.

మొదటిసారి చదివినప్పుడు నాకు చమత్కారంగా తోచిన వాక్యాలు నోటితో అంటుంటే కొన్ని తేలిపోయాయి. ఏమీ లేదనుకున్న ‘అవునా’, ‘సరే’ లాంటివి మాత్రం ప్రతిసారీ కొత్తగా వచ్చాయి. వెనక్కి వెళ్లిన ప్రతిసారీ ఆ అబ్బాయికి ముందు జరిగింది గుర్తుందా లేదా అని నాకు అనుమానం పట్టుకుంది. గుర్తుంటే ఒక రకం గొంతు, లేకపోతే ఇంకో రకం. పాఠంలో దానికి జవాబు దొరకలేదు. సగం దాకా గుర్తులేనట్టు చదివాను, తరవాత గుర్తున్నట్టు చదివాను. రెండోది విషాదంగా ఉంది. ఇది ఆట అన్నాను కదా, ఆ మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకో సంగతి. ఒకచోట పాఠంలో గంట లేకపోయినా మా చెల్లెలు కొట్టేసింది. తప్పు చదివావు అన్నాను. “లేదు, అక్కడ నువ్వు నటించావు” అంది.

మెలిక నాటికల మీద నా అభిప్రాయం మారలేదు. సైడువింగు గారి పరీక్ష పెడితే, ఏకపాత్రలు పోగా మిగిలిన పదిహేడు నాటికల్లో పన్నెండు పోయాయి. ఏకపాత్రలు ఏడింటిలో నాలుగింటిలో ఎదుటి మనిషి దొరికాడు, మూడింటిలో ఎంత వెతికినా లేడు.

పుటలపురుగు:

ఆ మూడింటి పేర్లు చెప్పండి. కొట్టుకోవడానికి కొత్త చర్చ మొదలుపెడదాం.

సైడువింగు:

పేర్లు తరవాత. ముందు మీ చెల్లెలిని ఇక్కడ సభ్యురాలిగా చేర్పించండి.